నా స్నేహితురాలి ఎండాకాలం

కర్నూలు ఎండకు పక్షపాతం లేదు. మార్చిలో మొదలుపెట్టి జూన్ దాకా అందరినీ ఒకే పెనం మీద కాలుస్తుంది. అలాంటిది నా స్నేహితురాలికి మాత్రం ఆ ఏడు ఎండాకాలం జనవరిలోనే వచ్చింది. ఊరంతా చెవులకు మఫ్లర్లు చుట్టుకుని తిరుగుతుంటే, ఈమె దుకాణంలో టేబుల్ ఫ్యాన్ మొహం మీదికి తిప్పుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ కూర్చునేది.

ఆమెది పాత బస్టాండు దగ్గర మ్యాచింగ్ సెంటర్. చీరకు తగ్గ జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్, లంగా అన్నీ దొరుకుతాయి. అత్తగారి వాళ్ళది తరతరాల బట్టల వ్యాపారం. పెద్ద దుకాణం భర్త చూసుకుంటాడు. దాని పక్కనున్న ఈ ఇరుకు గదిని పెళ్ళయిన కొత్తలోనే ఈమె పట్టుబట్టి తీసుకుంది. ఈమె చేతిలో రంగు తప్పడమనేది లేదు. చీరను వెలుతురులో ఒకసారి అటూ ఇటూ తిప్పి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి అరలోంచి సరైన గుడ్డ తాను లాగేది. మనుషులను కూడా రంగులతోనే గుర్తుపెట్టుకునేది. "నిన్న గచ్చకాయ రంగామె వచ్చింది, మొగునితో మళ్ళీ మాటలు లేవంట" అని చెప్తే, ఆ గచ్చకాయ రంగామె ఎవరో నాకూ తెలిసిపోయేది.

నేను ప్రభుత్వ హైస్కూల్లో టీచరును. కడపలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. పెళ్ళిళ్ళయ్యాక ఇద్దరమూ కర్నూలుకే రావడం నా అదృష్టమని నేనంటాను, తన ఖర్మని ఆమె అంటుంది. బడి వదిలాక ఆమె దుకాణంలో స్టూలు మీద కూర్చుని టీ తాగి గానీ ఇంటికి పోను. ఆ జనవరిలో ఒక సాయంత్రం శాలువా కప్పుకునే వెళ్ళాను.

"ఏందిమే, ఈ చలిలో ఫ్యానా?" అన్నాను.

"చలా? యాడుండాది చలి? ఒళ్ళంతా అగ్గి పెట్టినట్టుండాది నాకు."

"నాకైతే పండ్లు కొట్టుకుంటాండాయి."

"నువ్వు ముసిల్దానివైపోతాండావ్ మే. వయసైతే చలి ఎక్కువైతాది" అని తేల్చేసింది. మా ఇద్దరిలో నాలుగు నెలలు పెద్దది తనే. ఆ సంగతి నేను గుర్తుచేసినప్పుడల్లా ఆమెకు గిరాకీ వస్తుంది.

కొన్నాళ్ళకు ఆమె భర్త నన్ను దుకాణం బయటే ఆపాడు. ఆయన మెత్తని మనిషి. భార్యకు ఉక్కపోస్తోందని ఆ చలిలో ఊరంతా వెతికి ఎయిర్ కూలర్ కొనుక్కొచ్చిన మనిషి. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేవాడు, బార్లీ నీళ్ళు కాచి ఇచ్చేవాడు. మ్యాచింగ్ సెంటర్ వైపు ఒకసారి చూసుకుని గొంతు తగ్గించాడు.

"టీచరమ్మా, రవ్వంత మాట్లాడల్ల. మీ ఫ్రెండుకు నా మీద ఏమన్నా కోపమా?"

"ఏమైందన్నా?"

"ఏమీ కాలేదు, అదే కదా బాధ! మొన్న పొద్దున టిఫినేందని అడిగితే ఏడ్చింది. మర్నాడు అడక్కుండా గమ్మునుంటే దానికీ ఏడ్చింది. ఈ పొద్దు నేనే ఉప్మా చేసినా. చూసి నవ్వింది. నవ్వి నవ్వి మళ్ళీ ఏడ్చింది."

"ఉప్మా ఎట్లుండె?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఏడ్చేటంత అయితే లేదులేమ్మా."

నాకు నవ్వొచ్చింది గానీ, ఇంటికి పోయేదారిలో ఆ నవ్వు నిలవలేదు. ఈ వయసులో ఒంట్లో వచ్చే మార్పు సంగతి నాకు కొంత తెలుసు. నాకూ నెలసరి దారి తప్పడం అప్పటికే మొదలైంది. ఆ మాట ఆమెతో అంటే, "అవన్నీ మీ టీచర్లకొచ్చే రోగాలు, మాకు తీరిక యాడిది?" అని కొట్టిపారేసింది. ఎప్పుడూ ప్రతిదీ నాతో చెప్పే మనిషి ఈసారి ఏదో దాస్తోందని మాత్రం అర్థమైంది.

అదేమిటో మాఘమాసం పెళ్ళిళ్ళ రోజుల్లో బయటపడింది. నేను స్టూలు మీద ఉండగా పత్తికొండ వైపు నుంచి ఒకామె వచ్చింది. కూతురి పెళ్ళట. కిందటి వారం జాకెట్టు గుడ్డ తీసుకుపోయింది. ఇంటికెళ్ళి చీర పక్కన పెట్టి చూస్తే కలవలేదంది. నా స్నేహితురాలు చీర వైపు చూడను కూడా చూడలేదు.

"నా అంగట్లో రంగు తప్పేదే లేదు. నీ కండ్లు ఒకసారి చూపించుకోపోమ్మా!" అని గట్టిగా అరిచింది.

ఆమె కొట్లో ఎవరిమీదా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఆ పెద్దామె సంచిలోంచి చీర తీసి బల్ల మీద పరిచింది. దాని మీద గుడ్డ పెట్టింది. రంగుల విషయంలో నేను గుడ్డిదాన్నే. నీలానికీ ఊదాకూ తేడా తెలియదని నన్ను ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఆ రోజు నాకు కూడా తెలిసింది, అది తప్పు గుడ్డ. చీరేమో లేత కనకాంబరం రంగు. గుడ్డ ఇటుక రంగు.

నా స్నేహితురాలు రెంటినీ చూసింది. "ఇది... ఈ రంగు..." అంది. మాట రాలేదు. నోరు తెరిచి, కళ్ళు చిట్లించి, ఆ చీర అంచును వేళ్ళతో నలుపుతూ నిలబడింది. ఆమె జడలో ఆ రోజు కనకాంబరాల మాలే ఉంది. ఆ పువ్వు పేరు ఆమెకు గుర్తు రాలేదు. పరదా తప్పించుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

గిరాకీ నా మీద పడింది. ఆ పెద్దామెతో కలిసి అరలన్నీ కిందామీదా చేసి, ఆమె వేలు పెట్టి చూపించిన తానులోంచే గుడ్డ చించి ఇచ్చాను. ఎంత వంకరగా చించానంటే, "పర్వాలేదులేమ్మా, టైలరు సరిచేసుకుంటాడు" అని ఆమే నన్ను ఓదార్చింది. పోతూ పోతూ పరదా వైపు చూసి, "ఒంట్లో బాగలేదేమో, గట్టిగా ఏమీ అనొద్దు" అని చెప్పి వెళ్ళింది.

లోపల బట్టల మూటల మధ్య కూర్చుని ఉంది నా స్నేహితురాలు. ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

"నాకీమధ్య మాటలు దొరకడం లేదుమే" అంది. "అరలో చెయ్యి పెడితే ఎందుకు పెట్టినానో తెలీడంలే. అమ్మకొచ్చిందే నాకూ వచ్చినట్టుండాది."

వాళ్ళమ్మ నాకు బాగా తెలుసు. హాస్టల్లో ఉన్నప్పుడు పండగ పండక్కీ నాకూ కలిపి ఓళిగలు పంపేది. చివరి రోజుల్లో ఆమెకు మతిమరుపు జబ్బు వచ్చింది. ఒకసారి మేమిద్దరం కడపకు చూడటానికి వెళ్తే, వాకిట్లో కూతుర్ని చూసి, "ఎవురమ్మా మీరు, యా ఊరు మీది? ఎండన పడి వచ్చినట్టుండారు, మజ్జిగ తాగుతారా?" అని మర్యాదగా అడిగింది. నా స్నేహితురాలు కూడా అంతే మర్యాదగా, "తాగుతామమ్మా" అంది. గ్లాసు ఖాళీ చేసి, "శానా బాగుంది" అని చెప్పింది.

ఆ మూటల మధ్య ఆమె పక్కన కూర్చున్నాను. నాకు ఓదార్చడం చేతకాదు. బళ్ళో పిల్లలకు దెబ్బ తగిలినా ముందు తిట్టి తర్వాత మందు రాసే రకం.

"సరే గానీ, నేనెవురో చెప్పు" అన్నాను.

తలెత్తి చూసింది. "నా పాలిటి దయ్యానివి."

"చూసినావా, ముఖ్యమైనవన్నీ గుర్తుండాయి."

అప్పుడు ఏడ్చింది. నా శాలువాతోనే ముక్కు తుడుచుకుంది. ఆ శాలువా కూడా ఆమె దుకాణంలో కొన్నదే కాబట్టి నేనేమీ అనలేదు.

డాక్టరు దగ్గరికి రమ్మంటే మాత్రం రానంది. జబ్బు పేరు వినడానికి భయం. చివరికి నేనొక అబద్ధమాడాను. నా మోకాళ్ళు చూపించుకోవాలి, తోడు రమ్మన్నాను. నా మోకాళ్ళంటే ఆమెకు ఎప్పుడూ జాలే. దారంతా నడిపిస్తూ, "నిదానంగా రా, నిదానంగా" అని జాగ్రత్తలు చెప్తూ తీసుకొచ్చింది. ఆడవాళ్ళ డాక్టరు బోర్డు చూశాక గానీ అనుమానం రాలేదు. "మోకాళ్ళకు ఈ డాక్టరేందిమే?" అని అంటుండగానే లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. నా వైపు చూసిన చూపుకు మామూలు మనిషైతే అక్కడే మాడిపోయేది.

డాక్టరమ్మకు మా వయసే ఉంటుంది. బల్ల మీద అరచేయంత ఫ్యాన్ ఒకటి, ఆమె మొహానికే తిప్పి పెట్టుకుని ఉంది. నా స్నేహితురాలు కూర్చోవడం మానేసి ఆ ఫ్యానునే చూస్తూ నిలబడింది.

"మీక్కూడానా?" అంది.

"రెండేళ్ళుగా" అని నవ్వింది డాక్టరమ్మ. "కూర్చోండి. వయసెంత?"

"నలభై..." అని నసిగింది నా స్నేహితురాలు.

"నలభై తొమ్మిది" అని నేను పూర్తిచేశాను. "నాకంటే పెద్ద."

ఆ తర్వాత ఆమె అన్నీ చెప్పుకుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోవడం, చెమటతో దిండు తడిసిపోవడం, గుండె దడ, కారణం లేని కోపం, దొరకని మాటలు, చివరికి వాళ్ళమ్మ సంగతి. డాక్టరమ్మ తొందరపెట్టకుండా విన్నది. రక్తపరీక్షలు చేయించింది. సాయంత్రానికి రిపోర్టులొచ్చాయి, థైరాయిడ్ తగ్గి ఉందని తేలింది. ముట్లు ఆగిపోయే వయసులో ఈ మంటలూ దడా మామూలేననీ, నెలల తరబడి నిద్ర లేకపోతే ఎవరికైనా మాటలు తడబడతాయనీ వివరంగా చెప్పింది.

"నిద్రపోని మెదడు సర్దని అంగడి లాంటిదమ్మా. సరుకంతా లోపలే ఉంటుంది, చేతికి దొరకదు" అంది. "మీ అమ్మగారి జబ్బులా నాకైతే కనిపించడం లేదు. మందులు వాడి, నిద్ర కుదిరాక మళ్ళీ చూద్దాం. రోజూ నడవండి."

బయటికొచ్చాక నా స్నేహితురాలు మందుల చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. ఎంత ఊరట పడిందో అని నేను అనుకున్నాను.

"నాకంటే పెద్ద అని చెప్పల్లనా?" అంది చివరికి.

నడక మొదలవడానికి మరో పక్షం పట్టింది. బూట్లు కొన్నాక వాటికి మ్యాచింగ్ చున్నీ దొరకలేదు మరి. బూట్ల మీద సన్నని గీత ఏదో ఉందట, అది నెమలిపింఛమూ కాదు, నీలమూ కాదట. ఊళ్ళో అందరికీ మ్యాచింగ్ ఇచ్చే మనిషికి తన మ్యాచింగ్ దొరకక వారం గడిచింది. చివరికి తెల్లచున్నీకి రంగు అద్దించుకుని స్టేడియం గ్రౌండుకు వచ్చింది. అక్కడ నడక తక్కువ, పలకరింపులు ఎక్కువ. నాలుగడుగులకు ఒక పాత గిరాకీ ఎదురయ్యేది. నడిచి కరిగించింది ఏమన్నా ఉంటే, గేటు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీల బండి దగ్గర వెంటనే భర్తీ చేసేవాళ్ళం. "డాక్టరమ్మ నడవమనింది, తినొద్దని అనలేదు కదా" అనేది. ఆ వాదనలో నాకూ తప్పు కనిపించలేదు.

అన్నీ నవ్వుల రోజులే కావు. కొన్ని పొద్దులు నడకకు వచ్చేది కాదు. నేను ఇంటికి వెళ్తే, కిటికీలు మూసుకుని మంచం మీద కూర్చుని ఉండేది. ఒకరోజు నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఈ పొద్దు నన్ను నవ్వించొద్దు మే. కూర్చో, చాలు." కూర్చున్నాను. మా ఊరి నుంచి తెచ్చి నేనిచ్చిన శెనక్కాయల సంచి ఒకటి వాళ్ళింట్లో ఉంటే దాన్ని లాక్కొచ్చి ఇద్దరి మధ్య పెట్టుకున్నాం. పెంకులు చిట్లే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆమె భర్త రెండుసార్లు తలుపు దాకా వచ్చి, మా ఇద్దరినీ చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా వెనక్కి పోయాడు. మాట్లాడకుండా అంతసేపు నేను జీవితంలో ఎప్పుడూ కూర్చోలేదు. మా ఆయనకు చెప్తే నమ్మలేదు.

వానాకాలం పోయేసరికి నిద్ర కొద్దికొద్దిగా కుదిరింది. కార్తీకంలో ఒక సాయంత్రం టీ గ్లాసు పక్కన పెట్టి హఠాత్తుగా, "అహోబిలం పోదాం పా" అంది.

"పెళ్ళిళ్ళ రోజులు. అంగడి?"

"మూసేస్తా. జ్వాలా నరసింహుని దగ్గరికి ఎక్కి పోవల్ల. మంట, కోపం, రెండూ తెలిసిన దేవుడు ఆయనొక్కడే. నా బాధ ఆయనకైతే అర్థమైతాది."

పెళ్ళిళ్ళ రోజుల్లో మ్యాచింగ్ సెంటర్ మూతపడటం ఆ బజారులో ఎవరూ చూసి ఎరగరు. భర్త కారు తీస్తానన్నాడు. "నువ్వొస్తే కొండను చూడవు, నన్నే చూస్తా ఉంటావు. వద్దప్పా" అని ఆపేసింది. ఇద్దరం బస్సెక్కి ఆళ్ళగడ్డలో దిగి, ఆటోలో కింది అహోబిలం చేరి, సత్రంలో పడుకున్నాం. పొద్దున్నే ఎగువ అహోబిలంలో దర్శనం చేసుకుని, కర్రలు కొనుక్కుని, భవనాశి వాగు వెంట నడక మొదలుపెట్టాం.

ఆమెను కనిపెట్టుకుని ఉండాలని నేను పెద్ద ఏర్పాట్లు చేసుకుని వచ్చాను. సంచిలో గ్లూకోజు, నిమ్మకాయలు, తడి తువ్వాలు, మందుల డబ్బా. వాగులో నీళ్ళు బాగా ఉన్నాయి. బండల మీంచి బండల మీదికి అడుగు వేయాలి. ఆమె ఆయాసపడుతూ, ఆగుతూ, నరసింహుని పేరు తలుచుకుంటూ, నన్ను తిట్టుకుంటూ ఎక్కుతూనే ఉంది. నిలువు మెట్ల దగ్గరికొచ్చేసరికి నా కుడి మోకాలు కటుక్కుమంది. ఇంక వంగదు, చాపుకోదు. అబద్ధానికి వాడుకున్న మోకాలు నిజంగానే మొరాయించింది. ఒక బండ మీద కూలబడ్డాను.

ఆమె వెనక్కి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నాకు తోడొచ్చింది నువ్వేనా?"

"నవ్వు. నవ్వుకో."

"నవ్వడంలేదుమే. ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి పోదామా మోకాళ్ళకు?"

నేను ఇక్కడే ఉంటాను, నువ్వు పోయిరా అన్నాను. సంచి నా దగ్గర పెట్టి తాను మెట్లెక్కింది. నేనున్న చోటి నుంచి పైన కొండచరియా, దాని మీంచి కిందికి జల్లులా రాలే జలపాతమూ కనిపిస్తున్నాయి. ఆమె ఆ మలుపు దగ్గరికి చేరిందో లేదో, ఆగిపోయి చున్నీతో విసురుకోవడం మొదలుపెట్టింది. మంట వచ్చిందని నాకు అంత దూరం నుంచీ తెలిసిపోయింది. గ్లూకోజు చూస్తే నా ఒళ్ళో ఉంది. లేవబోయాను, కాలు లేవనీయలేదు.

ఆమె ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. చెప్పులు పక్కన వదిలేసి నేరుగా ఆ జలపాతం కిందికి నడిచి నిలబడింది. జడ, చుడీదారు, మెళ్ళో గొలుసు, అన్నీ తడిసిపోతున్నాయి. దారినపోయే యాత్రికులు ఆగి చూస్తున్నారు. ఎవరో పెద్దాయన ఆమెకు పూనకం వచ్చిందనుకుని దండం పెట్టాడు. ఆమె మొహం పైకెత్తి, నోరు తెరిచి, నీళ్ళు తాగుతూ నవ్వుతోంది. డిగ్రీ రోజుల్లో హాస్టల్ మేడ మీద మొదటి వానకు నిలబడ్డప్పుడు చూశాను ఆమెను అలా. మళ్ళీ అప్పుడే చూడటం.

దేవుణ్ణి చూసి, తడి బట్టలతో, కుంకుమ కారిన మొహంతో దిగి వచ్చింది.

"ఏం చెప్పినావు ఆయనకి?"

"మనిద్దరికీ ఒకటే బాధ స్వామీ అనినా. లెయ్, నా భుజం పట్టుకో. ఇప్పుడు చల్లగుండా."

కిందికి దిగినంత దూరం నన్ను తనే మోసింది. ప్రతి బండ దగ్గరా, "ముసిల్దానా, కాలు ఈడ పెట్టు" అంటూ. ఆళ్ళగడ్డలో బస్సెక్కగానే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి నేరుగా మొహం మీద పడుతున్నా కదల్లేదు. గురక కూడా పెట్టింది, అడిగితే ఒప్పుకోదు. నంద్యాల దాటేసరికి నా చెయ్యి తిమ్మిరెక్కి మొద్దుబారింది. అయినా కదపలేదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆమెకు మాట చిక్కదు. డాక్టరమ్మ ఏడాది తర్వాత మళ్ళీ చూసి, భయపడాల్సిందేమీ లేదని చెప్పింది. భయం పూర్తిగా పోయిందని నేను అనను. వాళ్ళమ్మ తద్దినం రోజున ఇప్పటికీ ఒక గ్లాసు మజ్జిగ కలుపుకుని ఒక్కతే కూర్చుంటుంది. మిగతా రోజుల్లో మాట దొరక్కపోతే గిరాకీనే అడుగుతుంది: "ఏమంటారమ్మా ఈ రంగును?" వాళ్ళు చెప్తారు, ఆమె గుడ్డ చించి ఇస్తుంది.

కిందటి వారం నేను దుకాణంలో ఉండగా ఒకామె వచ్చింది. మా ఈడుదే. చీర చూపిస్తూ చూపిస్తూ చటుక్కున ఆగి, పైట చెరగుతో విసురుకుంటూ, "ఈ ఊర్లో ఉక్క ఎక్కువమ్మా" అంది. బయట వాన పడుతోంది. నా స్నేహితురాలు చేతిలోని గుడ్డ తాను పక్కన పెట్టి, ఆమెను నా స్టూలు మీద కూర్చోబెట్టింది. నన్ను లేపేసి మరీ. చెంబుతో నీళ్ళిచ్చి, బజారంతా వినిపించే గొంతుతో మొదలుపెట్టింది.

"ముట్లు సరిగ్గా వస్తాండాయా? నిద్ర పడతాందా? మొగుని మీద కోపమొస్తాందా?"

పెద్ద దుకాణంలో లెక్కలు చూసుకుంటున్న ఆమె భర్త, ఆ మాటలు వినబడగానే గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళిపోయాడు. ఆ వచ్చినామె ఒక్క క్షణం సిగ్గుపడి, ఇటూ అటూ చూసి, "మూడోది మాత్రం శానా వస్తాందక్కా" అంది.